నాలుగో తొట్టి పెద్దమ్మ

పెద్దమ్మ లోపల ఇసుక తప్ప ఇంకేమీ లేదు.

ఆ సంగతి బయటపడేసరికి ఉదయం ఏడున్నర. నాలుగో తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మోచేతుల దాకా తడిసిన చేతులతో, ఆ జీవశాస్త్రవేత్త ఖాళీ ఆల్చిప్పను మరోసారి తిప్పి చూసింది. రెండు చిప్పలూ విడిపోకుండా చుట్టూ సన్నటి దారం కట్టి ఉంది. ముడి చాలా పొందికగా ఉంది. ఊపితే లోపల ఇసుక గరగరమంది. పదకొండింటికి కమిటీ అధ్యక్షురాలు వస్తుంది. ఆవిడకు పెద్దమ్మను చూపించి, పరిశోధనకు ఇంకో రెండేళ్ళు గడువు అడగాలన్నది ఆ ఉదయం వేసుకున్న పథకం. చూపించడానికి ఇప్పుడు మిగిలింది ఒక డొల్ల, ఒక దారం ముక్క.

పెద్దమ్మ మనిషి కాదు. అరచేయి కంటే కాస్త పెద్దదిగా ఉండే నల్లటి మంచినీటి ఆల్చిప్ప. వయసు ఎనభై పైమాటే. పరిశోధన కేంద్రం వెనకాల పారే నదిలో ఈ జాతివి ఇంకా పదకొండే మిగిలాయి. ఆ పదకొండూ ముసలివే. కడుపుతో ఉన్నది పెద్దమ్మ ఒక్కతే. చిక్కల్లా పిల్లలతోనే. తల్లి నీళ్ళలోకి వదిలిన పిల్లలు వెంటనే ఏదో ఒక చేప మొప్పలు పట్టుకుని మూడు వారాలు వేలాడాలి. లేకపోతే చచ్చిపోతాయి. పోనీ ఏ చేపయినా సరేనా అంటే, కాదు. ఒక్కో జాతి ఆల్చిప్పకు ఒక్కో చేప. పెద్దమ్మ పిల్లలకు కావలసిన చేప ఏది?

ఈ ఒక్క ప్రశ్న వెంట ఆమె ఏడేళ్ళుగా నదిలో నానుతోంది. పంతొమ్మిది రకాల చేపల మీద ప్రయత్నించింది. పంతొమ్మిదింటి మీద నుంచీ పిల్లలు మూడో రోజుకల్లా రాలిపోయాయి. కేంద్రంలో అందరూ ఆమెను చిప్పల మేడమ్ అంటారు. ఎదురుగానే అంటారు. ఆమె ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ చేప దొరికితే చాలు, ఇంకేమని పిలిచినా పలకడానికి సిద్ధంగా ఉంది.

కడుపుతో ఉన్న ఆల్చిప్పను కదిపితే బెదిరి, పిల్లల్ని నెలలు నిండకుండానే వదిలేస్తుంది. అందుకని నాలుగో తొట్టిలో చేయి పెట్టకూడదని ఆమే నియమం పెట్టింది. అద్దంలోంచి చూడడం, నోటుబుక్కులో రాయడం, అంతే. ఇవాళ అధ్యక్షురాలికి కనపడేలా కాస్త ముందుకు జరుపుదామని మొదటిసారి చేయి పెట్టింది. ఆమె లేచి వెళ్ళి ఆ నోటుబుక్కు తెరిచింది. మూడు వారాల కిందటి శుక్రవారం మధ్యాహ్నం దాకా 'నోరు తెరిచి నీళ్ళు పీలుస్తోంది' అని ఉంది. శనివారం నుంచి వరస మారింది. 'మూసుకుని ఉంది. ప్రశాంతం.' 'ఇవాళ కూడా ప్రశాంతం.' 'చాలా ప్రశాంతం. కొత్త లైటు దీనికి నచ్చినట్టుంది.' పద్నాలుగో రోజు దగ్గర ఒక వాక్యం చూసి ఆమె కళ్ళు మూసుకుంది. 'ఇవాళ నన్ను గుర్తుపట్టినట్టు అనిపించింది.'

"ఏంటమ్మాయ్, నీలో నువ్వే నవ్వుకుంటున్నావా, ఏడుస్తున్నావా?"

అత్తగారు గుమ్మంలో టీ ఫ్లాస్కుతో నిలబడి ఉంది. కేంద్రం వెనక క్వార్టర్సులోనే వాళ్ళ ఇల్లు. కొడుకు ఊళ్ళ మీద తిరిగే ఉద్యోగి కాబట్టి, ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరే ఉంటారు.

"పెద్దమ్మ లేదు అత్తయ్యా."

"పోయిందా! పోనీలే, ఎనభై ఏళ్ళు బతికింది. ఇంకెంత కావాలి?"

"పోలేదు. ఎవరో తీసేశారు. దాని బదులు ఇది పెట్టారు."

అత్తగారు చిప్ప అందుకుని ముడి వంక మెచ్చుకోలుగా చూసింది. "కట్టినవాళ్ళెవరో గానీ ఓపికమంతులు. నువ్వు పార్సిలు కడితే వీధి చివరికి చేరేలోపే ఊడిపోతుంది."

"అత్తయ్యా, అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. మీరుగానీ ఈ గదిలోకి ఎప్పుడైనా..."

"నేనా? ఈ నీచువాసనలోకా? ఫ్లాస్కు ఇవ్వడానికి గుమ్మం దాకా వస్తాను. గడప దాటింది ఇవాళే. ఎవరి మీదైనా ఒట్టు వెయ్యమంటావా?"

ఒట్టు అక్కర్లేకపోయింది. డైరెక్టర్ వచ్చాడు. పొద్దున్నే టై కట్టుకుని, అధ్యక్షురాలికి చెప్పవలసిన స్వాగత వాక్యాలు గొణుక్కుంటూ వచ్చి, విషయం విని, ఉన్నచోటే బిగుసుకుపోయాడు.

"ఎవరికీ చెప్పొద్దు మేడమ్," అన్నాడు తేరుకుని. "గుట్టుగా కనుక్కుందాం. పరువు సంగతి."

అని, వెంటనే పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేశాడు. అక్కడి ఎస్సై ఆయన బావమరిది. గుట్టుగా రమ్మన్నాడు. బావమరిది జీపు సైరన్ మోగించుకుంటూ వచ్చాడు.

"ఎంత విలువ చేస్తుంది బావా?"

"విలువ కాదయ్యా, అది చాలా అరుదైన ప్రాణి. మేడమ్ చెప్తారు విను."

ఆమె చెప్పింది. మొప్పలు, పిల్లలు, మూడు వారాలు, పంతొమ్మిది చేపలు, అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఎస్సై శ్రద్ధగా విని, ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"లోపల ముత్యం ఉందా?"

"లేదండి. ఈ జాతిలో ముత్యాలు రావు."

"రావని మీకు తెలుసు. దొంగకు తెలుసా?"

ఆమె డొల్ల వంక చూసింది. ఎస్సై దాన్ని అంగీకారంగా తీసుకుని, పుస్తకంలో 'ముత్యం' అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. తర్వాత జీపు పక్కన నిలబడి వైర్‌లెస్‌లో మాట్లాడాడు. ఆయన గొంతుకు వైర్‌లెస్ అవసరం లేదు. గేటు బయట టీ తాగుతున్నవాళ్ళు కప్పులు కింద పెట్టి విన్నారు.

"మూడు వారాల నుంచి ఇక్కడ లేనివాళ్ళెవరు?" అని తిరిగొచ్చి అడిగాడు.

డైరెక్టర్ ముఖం వెలిగింది. "స్టోర్ కీపర్! ఆ శుక్రవారం సాయంత్రమే సెలవు మీద వెళ్ళాడు. కూతురి పురుడంట. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. నేను మొదటి నుంచీ అనుకుంటూనే ఉన్నా."

"ఏమనుకున్నారు సార్? పొద్దున దాకా ఆయనంత నిదానస్థుడు లేడన్నారుగా," అంది ఆమె.

"నిదానస్థులే మేడమ్, చివరికిలా చేస్తారు."

ఇంతలో వెనకవైపు నుంచి గోల వినిపించింది. ఆమె కిటికీ దగ్గరకు పరుగెత్తింది. నదిలో జనం. ప్యాంట్లు మడిచి, బకెట్లూ జల్లెడలూ పట్టుకుని, నలభై యాభై మంది మోకాలి లోతు నీళ్ళలో అడుగున చేతులు పెట్టి దేవుతున్నారు. ఒకాయన ఇంట్లోంచి బూందీ గరిటె లాంటిదేదో కూడా తెచ్చుకున్నాడు. 'ముత్యం' అన్న మాట గేటు దగ్గర బయలుదేరి అరగంటలో నదికి చేరింది.

ఆమె వెనక తలుపు తోసుకుని ఒడ్డుకు పరుగెత్తింది. పెద్దమ్మ పోతే ఒక్కటి పోయినట్టు. అక్కడ, ఆ కాళ్ళ కింద, మిగతా పదీ ఉన్నాయి.

"బయటికి రండి! దయచేసి రండి! అందులో ముత్యాలు లేవు!" అని ఒడ్డున నిలబడి అరిచింది.

"లేకపోతే మీకెందుకమ్మా అంత కంగారు?" అన్నాడు జల్లెడ పట్టుకున్న ఒకాయన. అందరూ ఇంకాస్త లోతుకు దిగారు. ఎస్సై లాఠీ ఊపుకుంటూ తనూ దిగాడు. ఆయన్ను చూసి, పోలీసులే దిగారంటే ముత్యం పెద్దదే అనుకుని ఇంకో పదిమంది దిగారు.

అప్పుడు అత్తగారు రంగంలోకి వచ్చింది. ఫ్లాస్కు గట్టు మీద పెట్టి, తీరిగ్గా ఒక బండరాయి మీద కూర్చుని, ఎవరితోనూ కాకుండా గాలితో మాట్లాడినట్టు మొదలుపెట్టింది.

"దిగనీ అమ్మాయ్. నువ్వెందుకు గొంతు చించుకుంటావ్? ఏడేళ్ళ కింద నీకూ ఇలాగే మొదలైంది. ముందు మడమల దగ్గర చిన్న దురద. ఏముందిలే అనుకున్నాం."

జల్లెడ ఆగింది. "ఏం దురదమ్మా?"

"ఆల్చిప్ప దురద నాయనా. డాక్టర్లు చేతులెత్తేశారు. రాత్రంతా పెనం గీకే అట్లకాడతో గీక్కుంటుంది పాపం. అది చూసే మావాడు ఊళ్ళు పట్టుకు తిరిగే ఉద్యోగం వెతుక్కున్నాడు."

కోడలు నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుని, మెల్లిగా మోచేయి గీక్కుంది.

మూడు నిమిషాల్లో నది ఖాళీ అయింది. చివర్లో ఒడ్డెక్కినవాడు ఎస్సై. "నిజంగానేనా పిన్నిగారూ?" అని అడిగాడు, అప్పటికే పిక్క గీక్కుంటూ.

ఆ గుంపును చీల్చుకుంటూ, చెప్పిన వేళకు ఇరవై నిమిషాల ముందే, కమిటీ అధ్యక్షురాలి కారు వచ్చింది. అరవై దాటిన మనిషి. పొట్టి జుట్టు, మందపాటి కళ్ళద్దాలు, చంకలో ఫైలు. ఒకప్పుడు తనూ కప్పల వెంట బురదలో తిరిగిన శాస్త్రవేత్తేనని చెప్పుకుంటారు. బురద వదిలాక దయ కూడా వదిలేసిందని కూడా చెప్పుకుంటారు. డైరెక్టర్ స్వాగత వాక్యాలు మొదలుపెట్టబోతే చేయెత్తి ఆపి, సందర్శకుల హాల్లో కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏది మీ ఆల్చిప్ప?"

దాచి లాభం లేదనుకుంది చిప్పల మేడమ్. డొల్లను బల్ల మీద పెట్టింది. "లేదండి."

"ఎప్పటి నుంచి?"

"మూడు వారాల నుంచి."

"మీరు గమనించింది?"

"ఇవాళ పొద్దున."

అధ్యక్షురాలు నోటుబుక్కు అడిగి తీసుకుంది. ఒక్కో పేజీ తిప్పింది. పద్నాలుగో రోజు దగ్గర ఆగి, కళ్ళద్దాలు సవరించుకుని, పైకే చదివింది. "నన్ను గుర్తుపట్టినట్టు అనిపించింది."

హాల్లో ఎవరూ నవ్వలేదు. ఎస్సై మాత్రం పిక్క గీక్కున్నాడు.

"ఏడేళ్ళు చాలా పెద్ద వ్యవధి అమ్మా," అంది అధ్యక్షురాలు. గొంతు కఠినంగా ఏమీ లేదు. అదే ఇంకా భయంగా ఉంది. "చేప దొరకలేదు. తల్లి కూడా లేదు. ఈ నెలతో మూసేద్దాం. నదిలో ఆల్చిప్పలున్న భాగానికి మీరడిగిన కాపలా కూడా అక్కర్లేదని రాస్తాను."

కాపలా లేకపోతే ఏమవుతుందో చిప్పల మేడమ్ ఆ ఉదయమే చూసింది. ఏదో అనాలని తలెత్తింది. ఏడుపు ఆపుకోవడానికి ఎటైనా చూడాలి కాబట్టి, ఎదురుగా ఉన్న అద్దాల తొట్టి వంక చూసింది. సందర్శకుల కోసం డైరెక్టర్ పెట్టించిన తొట్టి అది. రంగురంగుల చేపలు నాలుగు, అడుగున మిగిలిన మేత తినడానికి వేసిన వికారపు బురద చేప ఒకటి. నెల కిందట నీళ్ళు పాచి పట్టి, చేపలు ఉన్నాయో లేవో తెలియనంత పచ్చగా ఉండేవి. ఇప్పుడు తాగాలనిపించేంత తేటగా ఉన్నాయి.

ఎందుకు?

ఇంతటి గండంలోనూ ఆమె బుర్రలో ఆ ప్రశ్న చటుక్కున మెరిసింది. దాన్ని ఆపడం ఆమె చేతిలో లేదు.

"సార్, ఈ నీళ్ళెలా తేటపడ్డాయి?"

"కొత్త ఫిల్టర్ మేడమ్. నేనే తెప్పించా," అన్నాడు డైరెక్టర్, ఈ ఒక్క విషయంలోనైనా ఛాతీ విరుచుకునే వీలు దొరికినందుకు.

ఆమె లేచి ఫిల్టరు వైరు పట్టుకుని వెంట నడిచింది. వైరు తొట్టి వెనక్కి, బీరువా పక్కకు, గోడ మూలకు వెళ్ళింది. దాని చివర ప్లగ్గు గచ్చు మీద పడి ఉంది. దుమ్ము చూస్తే, తెచ్చిన రోజు నుంచీ అది అక్కడే ఉన్నట్టుంది.

తలెత్తితే గోడ మీద పోస్టరు. ఆమె రాసిందే. కేంద్రంలో ప్రతి గదిలోనూ అంటించిందే. 'ఒక్క ఆల్చిప్ప రోజుకు నలభై లీటర్ల నీళ్ళు శుభ్రం చేస్తుంది.'

ఆమె చీర కొంగు బిగించి తొట్టిలో భుజం దాకా చేయి పెట్టింది. మూల రాళ్ళ వెనక ఇసుకలోంచి నల్లటి అంచు ఒకటి పైకి కనిపిస్తోంది. వేలు తగలగానే అది టప్పున మూసుకుంది.

"పెద్దమ్మా!"

"నాకేం తెలీదు!" అన్నాడు డైరెక్టర్ ఆ క్షణంలోనే. "నేనసలు ఈ హాల్లోకి రానే రాను."

"నేను గుమ్మం దాకానే," అంది అత్తగారు.

"ఎవరూ బయటికి పోకండి," అన్నాడు ఎస్సై. "ఇది పక్కా పథకం ప్రకారం జరిగిన నేరం. సరుకు ఇక్కడ దాచి, అదను చూసి దాటించాలనుకున్నారు."

"ఆ సంగతి తర్వాత గానీ," అంది అత్తగారు అద్దానికి ముక్కు ఆనించి, "ఈ అడుగు చేపకేంటి రోగం? చెంప తెరిచినప్పుడల్లా లోపల తెల్ల చుక్కలు కనపడుతున్నాయి."

చిప్పల మేడమ్ వంగి అద్దంలోంచి చూసింది. తర్వాత భూతద్దం తీసింది, చెంచా తీసింది. బురద చేప కింద నుంచి చెంచాడు ఇసుక తీసి తెల్ల పళ్ళెంలో పోసింది. పళ్ళెం మీద వంగింది. చాలాసేపు వంగే ఉంది.

"ఏముంది?" అంది అధ్యక్షురాలు.

"చూడండి."

అధ్యక్షురాలు కుర్చీలోంచి లేచి వచ్చి భూతద్దం అందుకుంది. ఇసుక రేణువుల మధ్య ఒక రేణువు నడుస్తోంది. దానికి గాజులాంటి రెండు చిప్పలున్నాయి. వాటి మధ్య నుంచి నాలుక లాంటి చిన్న తెల్లటి పాదం బయటికి చాచి, ఆగి, దారి వెతుక్కుని, తన ఒంటిని తను లాక్కుంది. దాని పక్కన ఇంకొకటి. ఆ వెనక మరో రెండు.

"మూడు వారాలు వేలాడి దిగినవి," అంది చిప్పల మేడమ్. "బురద చేప! జాబితాలో ఇరవయ్యో చేప. పారే నీళ్ళలో ఇది బతకదని ఏదో పాత పుస్తకంలో చదివి, మొదటి ఏడాదే నా చేత్తో నేనే కొట్టేశాను."

అధ్యక్షురాలు పళ్ళెం మీద నుంచి తల ఎత్తలేదు. "ఎన్నున్నాయి?"

"ఒక్క చెంచాలో నాలుగు. తొట్టంతా కలిపి ఎన్నో... వందలు ఉండొచ్చు."

కాసేపు ఆ ఇద్దరు స్త్రీలూ చిన్నపిల్లల్లా తలలు ఆనించుకుని ఇసుకనే చూస్తూ ఉండిపోయారు. ఆ తర్వాత అధ్యక్షురాలు నిటారుగా నిలబడి కళ్ళద్దాలు తుడుచుకుంది. మళ్ళీ కమిటీ మనిషి అయింది.

"ఇది నిజమైతే రెండేళ్ళు కాదు, ఐదేళ్ళు ఇస్తాను. నది మొత్తానికీ కాపలా రాస్తాను. కానీ ఇది ఎవరు చేశారు, ఏ రోజు, ఏ గంటకు చేశారు, దేనికి చేశారు, అంతా రుజువుతో కావాలి. లేకపోతే నిన్న సాయంత్రం ఎక్కడి నుంచో తెచ్చి ఇందులో పోశారని రేపు ఎవరైనా అంటారు. చేసినవాళ్ళ పేరు నివేదికలో మొదటి పేజీలోనే వస్తుంది. చెప్పండి, ఎవరు పెట్టారు?"

డైరెక్టర్ టై సవరించుకున్నాడు.

"నేనే," అన్నాడు డైరెక్టర్.

"మీరు ఈ హాల్లోకి రానే రారుగా?" అంది చిప్పల మేడమ్.

"స్వయంగా రాను మేడమ్. ఆలోచన నాది. ఫిల్టరు ప్లగ్గు పెట్టకపోవడం కూడా అందులో భాగమే."

"ఆయన మాటలు నమ్మకండి," అంది అత్తగారు. "పెట్టింది నేను. పాపం, ముసలి ప్రాణం ఒక్కతీ ఉందని తోడు కోసం వేశాను. పుట్టింట్లో మేం తొమ్మిది మందిమి. ఒంటరితనం నాకు పడదు."

"గడప దాటింది ఇవాళేనన్నారుగా అత్తయ్యా!"

"చేయి చాపాను. నా చేతులు పొడుగు."

"బావా, కేసు నేనే ఛేదించినట్టు రాస్తే..." అని ఎస్సై మొదలుపెట్టాడు.

"ఏ గంటకు?" అంది అధ్యక్షురాలు. "ఏ చేత్తో? బల్ల మీదున్న ఈ డొల్ల ఎక్కడి నుంచి తెచ్చారు? ముడి ఎవరు వేశారు? ఇప్పుడు ఇక్కడ వేసి చూపించండి."

దారం ముక్క ముగ్గురి చేతులూ మారింది. డైరెక్టర్ వేసిన ముడి ఊడింది. అత్తగారి ముడి బిగుసుకుని వేలికి పడింది. ఎస్సై, తన ఉద్యోగంలో చేతులకు తాళ్ళు కట్టే రోజులు పోయాయని తప్పుకున్నాడు. అధ్యక్షురాలు ఫైలు మీద చెయ్యి వేసింది. "రుజువు లేదన్నమాట," అంది విచారంగా. చిప్పల మేడమ్‌కు మళ్ళీ పళ్ళెం వైపే చూపు పోయింది. చేప దొరికింది, పిల్లలు దొరికాయి, పళ్ళెంలో నడుస్తున్నాయి. అయినా అవి లేనట్టే!

"ఏంటి సార్, అందరూ ఇక్కడున్నారు?"

గుమ్మంలో స్టోర్ కీపర్. భుజాన సంచి, నలిగిన చొక్కా, ప్రయాణపు బడలిక. తాతనయ్యానన్న వెలుగు ముఖంలో ఉంది. "మనవరాలు సార్. రైలు దిగి ఇటే వచ్చా. ఫోన్ పోయింది, ఏమీ అనుకోవద్దు."

ఎస్సై ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "దొరికావ్!"

"వదలండి సార్," అంది అధ్యక్షురాలు. ఆమె చూపు దారం మీద నుంచి, ఆ సంచి మూతికి కట్టిన ముడి మీదికి వెళ్ళింది. "బాబూ, నాలుగో తొట్టిలోని ఆల్చిప్పను ఇక్కడికి తెచ్చింది మీరేనా?"

"నేనేనండి. సెలవు మీద వెళ్ళిన శుక్రవారం, సాయంత్రం నాలుగూ పదికి." ఆయనకు ఇందులో వింత ఏముందో అర్థం కాలేదు. "ఈ తొట్టి పాచి పట్టింది. కమిటీ వస్తుంది కదా అని డైరెక్టర్ గారు రోజూ చీవాట్లు పెడుతున్నారు. పోస్టరు చూశాను. రోజుకు నలభై లీటర్లన్నారు. ఇది నూట ఇరవై లీటర్ల తొట్టి. మూడు రోజుల పని, సోమవారం తిరిగి పెట్టేద్దామనుకున్నా, ఆ సాయంత్రమే పురుడని కబురొచ్చింది. తీసిన చోట ఖాళీ కనిపించకూడదని మన రూలు, అందుకే మ్యూజియం బీరువాలోంచి ఒక చిప్ప తీసి, ఇసుక నింపి కట్టి పెట్టాను."

"మరి ఎవర్నీ అడక్కుండా...!" అని అరిచింది చిప్పల మేడమ్. ఏడేళ్ళ పని గుర్తొచ్చి కోపం, పళ్ళెం గుర్తొచ్చి ఆనందం, రెండూ ఒకేసారి గొంతులోకి వచ్చాయి. "కడుపుతో ఉన్నదాన్ని కదుపుతారా? ఎంత బాధ్యత లేకుండా!"

స్టోర్ కీపర్ ముఖం చిన్నబోయింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన్ను ఆ మాట ఎవరూ అనలేదు. మారు మాట్లాడకుండా స్టోరు గదికి వెళ్ళి, తాళం తీసి, ఒక కాగితం పట్టుకొచ్చాడు. రబ్బరు స్టాంపు ఉంది, తేదీ ఉంది, సమయం ఉంది. కింద ఒక పక్కన ఎండిన నది బురదతో వేలిముద్ర కూడా ఉంది.

"అనుమతి లేకుండా గుండుసూది కూడా కదపనండి నేను," అన్నాడు అధ్యక్షురాలితో. "ఆ రోజు నడుం లోతు నీళ్ళలోకి దిగి, ఫైలు నెత్తిన పెట్టుకుని వెళ్ళి సంతకం పెట్టించుకున్నాను. పైనుంచి కింద దాకా చదివి వినిపించాను కూడా. 'సరే సరే, వల కదులుతోంది, కలం ఇటివ్వు' అన్నారు."

చిప్పల మేడమ్‌కు ఉన్నట్టుండి ఆ శుక్రవారం, ఆ వల, ఆ కలం లీలగా కళ్ళ ముందు కదిలాయి. మెల్లిగా కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపింది.

అధ్యక్షురాలు కాగితం వెలుతురుకు పట్టి చూసింది. ఆమె పెదవుల మీద మొదటిసారి నవ్వు కనిపించింది. "ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఐదేళ్ళు ఖాయం. మొదటి పేజీలోకి పేరు కావాలి. సంతకం ఎవరిదో మీరే గట్టిగా చెప్పండి బాబూ, అందరూ వినాలి."

స్టోర్ కీపర్ గొంతు సవరించుకున్నాడు.

"చిప్పల మేడమ్‌దండి."

ఎస్సై పుస్తకం తెరిచి, ఫిర్యాదుదారు అన్న చోటా నిందితురాలు అన్న చోటా ఒకే పేరు రాసి, పని సగానికి సగం తగ్గినందుకు సంతోషించాడు.